చెవులు గల పాత్ర – 'అన్సాటస్' అనే లాటిన్ విశేషణము

విజ్ఞానశాస్త్రము చదివే విద్యార్థికి లాటిన్ మాటలతో పరిచయము తప్పదు. మొక్కల పేర్లు, జంతువుల పేర్లు, ఎముకల పేర్లు, నరముల పేర్లు చాలవరకు ఆ భాషలోనే ఉన్నవి. ఈనాడు లాటిన్ ఏ దేశములోను జనము ఇళ్ళలో మాట్లాడుకునే భాష కాదు. అందుచేత ఆ పేర్లను అర్థము తెలియని మంత్రముల వలె వల్లె వేయటము అలవాటైపోయింది. నిజానికి వాటిలో చాలా పేర్లు ఒకప్పుడు రోమనుల వంటింట్లోను, కమ్మరి కొలిమి దగ్గర, పొలము గట్టు మీద పుట్టిన మామూలు మాటలే. ఇంటి సామాను పేర్లే శాస్త్రమునకు ఎక్కినవి.

అటువంటి మాట ఒకటి 'అన్సాటస్'. నిఘంటువు తెరిస్తే దానికి 'పిడి గల' అని ఒక్క ముక్కలో అర్థము కనిపిస్తుంది. ఆ అర్థము తప్పు కాదు, కాని చాలదు. పిడి అనగా ఏ రకము పిడి? గొడ్డలికి ఉండేదా, గంగాళానికి ఉండేదా? ఈ ప్రశ్నకు సమాధానము తెలిస్తే శనిగ్రహపు వలయములను గురించిన ఒక పాత చిక్కు, మన మూత్రపిండములోని ఒక సన్నని గొట్టము పేరు, రొమ్ము ఎముక పై భాగము పేరు, అన్నీ సులభముగా బోధపడతాయి.

ఈ సమాధానము కోసము రోము దాకా పోనక్కరలేదు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో జనము చేత పట్టే వస్తువులను, వాటికి జనము పెట్టుకొన్న పేర్లను చూస్తే చాలును. ఈ మూడు పట్టణములు మునుపు వరంగల్లు జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న వేరువేరు జిల్లాలకు కేంద్రములైనవి.

ఏ వస్తువుకు ఏ పిడి?

జనగామకు దగ్గరలో, హైదరాబాదు నుండి వరంగల్లు పోయే దారిలో పెంబర్తి గ్రామము ఉన్నది. ఇత్తడి రేకును సాగగొట్టి, లక్క పరుపు మీద ఉంచి, ఉలితోను సుత్తితోను బొమ్మలు తేల్చే విశ్వకర్మల పనికి ఆ ఊరు పేరు పొందినది. దేవాలయముల తలుపులకు తొడుగులు, వాహనములు, కలశములు, పాత్రలు అక్కడ తయారవుతాయి. పెంబర్తి లోహపు పనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించినది.

ఇప్పుడు ఇత్తడి పాత్రలను ఒక్కొక్కటిగా తలచుకొందాము. చెంబుకు పిడి లేదు. దాని మెడనే వ్రేళ్ళతో పట్టుకొంటాము. బిందెకు పిడి లేదు. మెడ చుట్టూ చేయి వేసి చంకలో ఇరికించుకొంటారు. గరిటెకు పొడవైన 'కాడ' ఉంటుంది. గంగాళానికి రెండు ప్రక్కల రెండు 'చెవులు' ఉంటాయి. ఆ చెవులలో తిరిగే కడియములు ఉండటము కూడా కద్దు. బాణలికి కూడా చెవులే ఉంటాయి. గంగాళానికి 'కామ' ఉన్నదని ఎవరూ అనరు. గరిటెకు 'చెవి' ఉన్నదనీ అనరు.

మహబూబాబాదు ప్రాంతములో వ్యవసాయము ప్రధానమైన వృత్తి. కొడవలికి ఉన్నది 'పిడి'. పారకు, గొడ్డలికి ఉన్నది 'కామ'. నాగలి వెనుక రైతు పట్టుకొని నడిచేది 'మేడి'. ట్రాక్టర్లు వచ్చిన తరువాత మేడి పట్టే చేతులు తగ్గిపోయినవి గాని, ఆ మాట పెద్దలకు ఇంకా తెలుసును.

భూపాలపల్లి ఒక వైపు అడవి, ఒక వైపు సింగరేణి బొగ్గు గనులు ఉన్న చోటు. గనులలో యంత్రములు పెరగక మునుపు బొగ్గును చేతితోనే ఎత్తేవారు. ఆ పనికి 'తట్టా చెమ్మస్' అని పేరు. తట్ట అనగా గంప. దానికి పిడి లేదు, అంచు పట్టి ఎత్తి నెత్తిన పెట్టుకోవలసినదే. చెమ్మస్ అనగా బొగ్గు తోడే పెద్ద పార. దానికి కామ ఉన్నది. ఒకే పనిలో రెండు పనిముట్లు, ఒకటి పిడి లేనిది, ఒకటి పిడి గలది.

ఈ పేర్లను వరుసగా వ్రాసుకొని చూస్తే ఒక సంగతి తేలుతుంది. పిడి, కామ, కాడ, మేడి, చెవి అనేవి ఒకే వస్తువుకు పెట్టిన అయిదు పేర్లు కావు. చేయి ఏ విధముగా పట్టుకొంటుందో, ఆ పట్టుతో ఏ పని జరుగుతుందో దానిని బట్టి పేరు మారుతున్నది. పిడికిలి మూసి బిగించి పట్టేది పిడి. 'పిడి', 'పిడికిలి', 'పిడికెడు' ఒకే కుటుంబములోని మాటలు. రెండు చేతులతో పట్టి, ఎత్తి దింపి, బలము చూపవలసినది కామ. వ్రేళ్ళను లోపలికి దూర్చి లేదా క్రిందుగా చేర్చి ఎత్తేది చెవి.

లాటిన్‌లో కూడా ఇదే విభాగము

విచిత్రము ఏమనగా, రోమనులు కూడా ఇంచుమించు ఈ విధముగానే పేర్లు పెట్టినారు. వారి భాషలో కత్తి, గొడ్డలి, సుత్తి వంటి పనిముట్ల పిడిని 'మనూబ్రియం' అంటారు. 'మనుస్' అనగా చేయి. దాని నుండి వచ్చిన మాట ఇది. మన 'పిడి' పిడికిలితో చుట్టరికము కలిగినట్లే, వారి 'మనూబ్రియం' చేతితో చుట్టరికము కలిగి ఉన్నది. యోధుడు పట్టే ఖడ్గపు పిడికి 'కాపులుస్' అనే పేరు కూడా ఉన్నది. అది 'పట్టుకొను' అనే అర్థము గల క్రియ నుండి వచ్చినది. నాగలి మేడిని 'స్టీవా' అంటారు. ఇక కూజా ప్రక్కన వంకీ తిరిగి, వ్రేళ్ళు దూరటానికి సందు గల పిడిని 'అన్సా' అంటారు.

కాబట్టి అన్సా మన 'చెవి' వంటిది. గ్రీకులు రెండు ప్రక్కల పిడులు గల జాడీకి 'రెండు చెవులది' అనే అర్థము వచ్చే పేరు పెట్టుకొన్నారు; లాటిన్‌వారు ఆ మాటను 'దియోటా' అని తీసికొన్నారు. పాత్రకు చెవులు ఉంటాయనే ఊహ తెలుగువారికి, గ్రీకులకు వేరువేరుగా తోచినది. మనిషి తలకు ఇరుప్రక్కల చెవులు ఉన్నట్లే పాత్రకు ఇరుప్రక్కల వంకీలు ఉన్నవి గదా!

ఈ 'అన్సా'కు '-ఆటస్' అనే ప్రత్యయము చేర్చితే 'అన్సాటస్' అవుతుంది. ఆ ప్రత్యయమునకు 'కలిగిన' అని అర్థము. తెలుగులో 'చుక్కలు గల', 'చారలు గల' అని మనము 'గల' చేర్చినట్లే లాటిన్‌లో 'పుంక్టాటస్', 'స్ట్రియాటస్' అని చేర్చుతారు. ఆ లెక్కన 'అన్సాటస్' అనగా 'చెవులు గల' అని చెప్పటము ఎక్కువ సరియైనది.

ఇంగ్లీషు మాట వలన వచ్చే చిక్కు

మనకు లాటిన్ మాటల అర్థములు చాలవరకు ఇంగ్లీషు నిఘంటువుల ద్వారా అందుతాయి. అన్సాటస్‌కు అక్కడ 'హ్యాండిల్డ్' అని కనిపిస్తుంది. ఈ ఇంగ్లీషు మాటకు రెండు అర్థములు ఉన్నవి. ఒకటి 'పిడి గల' అని. రెండవది 'చేతితో తాకబడిన, వాడబడిన' అని. పురావస్తువుల పట్టికలో ఒక కుండకు ఈ మాట ఉంటే, తొందరపడి అనువదించేవారు 'చేతితో వాడిన కుండ' అని వ్రాయవచ్చును. కాని అక్కడ చెప్పదలచినది ఆ కుండకు చెవి ఉన్నదని మాత్రమే.

లాటిన్‌లో ఈ చిక్కు లేదు. చేతితో తాకబడిన దానికి 'ట్రాక్టాటస్' అనీ, చేతుల రాపిడికి అరిగిపోయిన దానికి 'ట్రీటస్' అనీ వేరే మాటలు ఉన్నవి. పాత చెంబు మెడ దగ్గర నునుపుదేలి ఉంటే అది ట్రీటస్. గంగాళము కొత్తదైనా, ఇంకా ఎవరూ ముట్టనిదైనా, అది అన్సాటస్ జాతిదే. ఒకటి వస్తువు ఆకారమును చెబుతుంది. రెండవది దాని చరిత్రను చెబుతుంది. శాస్త్రజ్ఞునికి ఈ రెంటి మధ్య భేదము చాలా ముఖ్యము. పాత్ర ఆకారము చూచి అది చేసినవారి ఉద్దేశమును ఊహిస్తాము; అరుగుదల చూచి వాడినవారి అలవాటును ఊహిస్తాము.

మాట చివర ఎందుకు మారుతుంది?

లాటిన్ పేర్లు చదివేటప్పుడు విద్యార్థులకు ఇంకొక సందేహము కలుగుతుంది. ఒక చోట 'అన్సాటస్', ఒక చోట 'అన్సాటా', ఒక చోట 'అన్సాటం' అని ఉంటుంది. ఇవి మూడు మాటలు కావు, ఒకటే మాట. తెలుగులో 'మంచి బాలుడు, మంచి బాలిక, మంచి పుస్తకము' అన్నప్పుడు 'మంచి' అనే విశేషణము మారదు. సంస్కృతములో 'సుందరః, సుందరీ, సుందరమ్' అని విశేష్యపు లింగమును బట్టి మారుతుంది. లాటిన్ ఈ విషయములో సంస్కృతము వంటిది. అక్కడ ప్రాణము లేని వస్తువుల పేర్లకు కూడా లింగము ఉన్నది. కూజా అనే అర్థము గల 'ఉర్సేయస్' పుంలింగము కనుక 'ఉర్సేయస్ అన్సాటస్'. పలక అనే అర్థము గల 'టాబులా' స్త్రీలింగము కనుక 'టాబులా అన్సాటా'. పాత్ర అనే అర్థము గల 'వాస్' నపుంసకలింగము కనుక 'వాస్ అన్సాటం'.

జీవుల శాస్త్రీయ నామములలో ఈ నియమము నేటికీ పాటిస్తారు. వరికి 'ఒరైజా సటైవా' అని పేరు, బఠాణీకి 'పైసమ్ సటైవమ్' అని పేరు, ముల్లంగికి 'రఫానస్ సటైవస్' అని పేరు. మూడింటిలోను రెండవ మాటకు 'సాగుచేయబడిన' అనే ఒకే అర్థము. మొదటి మాట అనగా ప్రజాతి పేరు స్త్రీలింగమా, నపుంసకమా, పుంలింగమా అనే దానిని బట్టి చివర మారినది. స్వీడను దేశీయుడైన లినేయస్ 1753లో ప్రచురించిన గ్రంథములో ఈ మూడు పేర్లూ ఉన్నవి.

మన చెరువులలో దొరికే కొర్రమీను కథ ఇంకా బాగుంటుంది. తెలంగాణ రాష్ట్రపు చేపగా గౌరవము పొందినది ఇదే. 1793లో బ్లాక్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు దీనికి 'ఒఫిసెఫాలస్ స్ట్రియాటస్' అని పేరు పెట్టినాడు. స్ట్రియాటస్ అనగా చారలు గలది. తరువాత దీనిని 'చన్నా' అనే ప్రజాతిలో చేర్చినారు. చాలా పుస్తకములలో 'చన్నా స్ట్రియాటస్' అని వ్రాసినారు. కాని 'చన్నా' స్త్రీలింగముగా లెక్కకు వస్తుంది. అందుచేత సరియైన రూపము 'చన్నా స్ట్రియాటా' అని దిద్దినారు. పాత పుస్తకములో ఒక రూపము, కొత్త పుస్తకములో ఒక రూపము చూచి ఇవి రెండు చేపలని విద్యార్థులు అనుకోరాదు. చేప ఒకటే, చారలు ఒకటే, మారినది వ్యాకరణము.

చెవికి, కామకు పని భేదము

మాటలలో ఇంత భేదము ఎందుకు వచ్చినది? దానికి కారణము యంత్రశాస్త్రములో ఉన్నది.

గొడ్డలి కామ ఒక తులాదండము వంటిది. చేతులు ఒక చివర ఉంటాయి, ఇనుప తల రెండవ చివర ఉంటుంది. కామ 75 సెంటీమీటర్ల పొడవు ఉన్నదనుకొందాము. చేయి పట్టిన చోటును కేంద్రముగా తీసికొంటే, 15 సెంటీమీటర్ల దూరములో ఉన్న బిందువు కంటె చివరనున్న తల 5 రెట్లు వేగముగా తిరుగుతుంది. కామ పని వేగమును పెంచి దెబ్బకు బలము ఇవ్వటము. అందుకే అది పొడవుగా, నేరుగా ఉండాలి.

చెవి పని వేరు. అది బరువును నిలువుగా ఎత్తటానికి ఉన్నది. నీటితో కలిసి 40 కిలోగ్రాముల బరువు ఉన్న గంగాళమును ఇద్దరు చెరియొక చెవి పట్టి ఎత్తితే ఒక్కొక్కరికి 20 కిలోగ్రాముల బరువు పడుతుంది. రెండు చెవులు ఎదురెదురుగా ఉన్నవి కనుక గంగాళము ఏ వైపుకూ ఒరగదు. ఒకే చెవి గల కూజాను ఎత్తినప్పుడు సంగతి వేరుగా ఉంటుంది. కూజా బరువు 2 కిలోగ్రాములు, దాని గరిమనాభి చెవికి 12 సెంటీమీటర్ల దూరములో ఉన్నదనుకొంటే, మణికట్టు మీద సుమారు 2.35 న్యూటన్-మీటర్ల భ్రామకము పనిచేస్తుంది. కూజా ముందుకు వంగబోవటానికి అదే కారణము. నీరు వంచటానికి ఆ వంపు అనుకూలము; దూరము మోయటానికి మాత్రము ప్రతికూలము. అందుచేతనే నీరు వంచే పాత్రకు ఒక చెవి, మోసే పాత్రకు రెండు చెవులు పెట్టటము అనేక దేశములలో కనిపిస్తుంది. మధ్యధరా సముద్రపు నావలలో ద్రాక్షసారాయము, నూనె మోసిన పెద్ద జాడీలకు 'అంఫోరా' అని పేరు. రెండు ప్రక్కల పట్టి మోసేది అని ఆ మాటకు మూలార్థము. అటువంటి జాడీల ముక్కలు పుదుచ్చేరి దగ్గర అరికమేడులో 1945లో వీలర్ జరిపిన త్రవ్వకములలో బయటపడినవి.

వేడి సంగతి కూడా చూడాలి. ఇత్తడి చెవి ఇత్తడి పాత్రతో పాటే కాలుతుంది. ఇత్తడి కర్ర కంటె కొన్ని వందల రెట్లు వేగముగా వేడిని ప్రసరింపజేస్తుంది. వంటింట్లో పట్టుకారు, మసిగుడ్డ ఉండేది ఇందుకే. అదే కొడవలి పిడి, గొడ్డలి కామ కర్రతో చేయటము వలన ఎండలో ఇనుము కాలినా చేయి కాలదు.

కర్రకు ఒక లోపము ఉన్నది. అది నేలలో కుళ్ళిపోతుంది. ఇనుప యుగపు బృహత్‌శిలా సమాధులలో గొడ్డళ్ళు దొరుకుతాయి గాని కామలు దొరకటము అరుదు. మన ఉత్తరపు పొరుగున విదర్భలో, నాగపూరు దగ్గర మహుర్‌ఝరీ మొదలగు చోట్ల దొరికిన గొడ్డళ్ళకు అడ్డముగా ఇనుప పట్టీలు చుట్టి ఉన్నవి. కామను బిగించి ఉంచిన పట్టీలవి. కామ పోయినా దాని జాడ మిగిలినది. మట్టి కుండ చెవి మాత్రము విరిగిపోయినా వేల సంవత్సరములు నిలుస్తుంది. పురావస్తు శాస్త్రజ్ఞులు పాత్రలను వర్గీకరించేటప్పుడు చెవులను ప్రత్యేకముగా గమనించటానికి ఇదొక కారణము.

రోమనులు వాడిన తీరు

లాటిన్ రచయితలు ఈ విశేషణమును పాత్రలకే పరిమితము చేయలేదు. క్రీస్తు పూర్వము మూడవ, రెండవ శతాబ్దములలో జీవించిన హాస్యనాటక కర్త ప్లాటస్ తన 'పెర్సా' అనే నాటకములో ఒక మనిషినే 'అన్సాటస్' అనిపించినాడు. ఆ మనిషి రెండు చేతులు నడుము మీద పెట్టుకొని, మోచేతులు ప్రక్కలకు చాచి, దర్జాగా నడిచి వస్తూ ఉంటాడు. చూచినవానికి అతడు రెండు చెవుల జాడీ వలె కనిపించినాడు! విద్యార్థులు తమ తరగతిలో ఎవరినైనా అలా నిలబెట్టి చూస్తే, ఈ మాటకు 'పిడి గల' అనే అర్థము ఎందుకు చాలదో వెంటనే తెలిసిపోతుంది. మోచేతికి నడుముకు మధ్య కనిపించే సందే ఇక్కడ ప్రాణము. ఆ సందు లేనిదే అన్సా లేదు.

విసరటానికి తోలు ఉచ్చు కట్టిన ఈటెలను కూడా రోమనులు ఈ మాటతోనే వర్ణించినారు. శాసనములు చెక్కే పలకలకు ఇరుప్రక్కల ముక్కోణపు చెవులు పెట్టి, వాటిని 'టాబులా అన్సాటా' అనే ఆకారములో చేసేవారు. ఆ చెవుల వద్ద మేకులు కొట్టితే నడుమనున్న అక్షరములకు చెరుపు రాదు. న్యూయార్కు రేవులోని స్వేచ్ఛా విగ్రహము ఎడమ చేతిలో ఉన్న పలక కూడా ఈ ఆకారముదే. ప్రాచీన ఈజిప్టులో 'ప్రాణము' అనే అర్థము గల చిహ్నము ఒకటి ఉన్నది. క్రింద శిలువ, పైన గ్రుడ్డు ఆకారపు ఉచ్చు. దీనికి లాటిన్‌లో 'క్రుక్స్ అన్సాటా', అనగా చెవి గల శిలువ అని పేరు. ఈజిప్టు దేవతలు ఆ ఉచ్చును పట్టుకొని ఉన్నట్లు గోడల మీద చిత్రించినారు.

'అన్సా'కు 'అవకాశము' అనే అర్థము కూడా లాటిన్‌లో వచ్చినది. మనము 'వాదములో పట్టు దొరికినది' అంటాము గదా. వారు 'చెవి దొరికినది' అన్నారు.

శనిగ్రహపు చెవులు

ఈ మాట ఆకాశమునకు ఎక్కిన సంగతి అన్నిటికంటె ఆసక్తికరమైనది. 1610 జూలైలో గెలీలియో తన దూరదర్శినిని శనిగ్రహము వైపు త్రిప్పినాడు. నడుమ ఒక పెద్ద గోళము, ఇరుప్రక్కల రెండు చిన్న గోళములు అంటుకొన్నట్లు ఆయనకు కనిపించినది. 1612లో చూచేసరికి ప్రక్క గోళములు రెండూ మాయమైనవి. 1616లో చూచినప్పుడు గ్రహమునకు రెండు ప్రక్కల వంకీలు ఉన్నట్లు బొమ్మ వేసినాడు. గ్రహమునకు, వంకీకి మధ్య నల్లని సందు. అచ్చముగా రెండు చెవుల జాడీ! ఆ శతాబ్దపు ఖగోళ శాస్త్రజ్ఞులు వాటిని లాటిన్‌లో 'అన్సే', అనగా చెవులు, అని పిలిచినారు.

గ్రహమునకు చెవులు ఎందుకు ఉంటాయి? ఉన్నవి ఎందుకు మాయమవుతాయి? ఈ చిక్కును విప్పినవాడు డచ్చి శాస్త్రజ్ఞుడు హైగెన్స్. గ్రహమును ఎక్కడా తాకకుండా చుట్టూ ఒక పలుచని వలయము ఉన్నదని ఆయన 1659లో ప్రచురించిన గ్రంథములో వివరించినాడు. వలయము కొంచెము వాలి ఉన్నప్పుడు ముందు భాగము గోళము మీద కలిసిపోయి, ప్రక్క భాగములు చెవుల వలె కనిపిస్తాయి. వలయపు అంచు సరిగా మన వైపు తిరిగినప్పుడు అది కంటికి ఆనదు. వలయముల వెడల్పు ఒక చివర నుండి ఇంకొక చివరకు సుమారు 2.7 లక్షల కిలోమీటర్లు. మందము చాలవరకు కొన్ని పదుల మీటర్లే. శనిగ్రహము సూర్యుని చుట్టి రావటానికి సుమారు 29.5 సంవత్సరములు పడుతుంది. ఆ కాలములో రెండుసార్లు, అనగా ఇంచుమించు 15 సంవత్సరములకు ఒకసారి, వలయము ఇలా అంచు చూపుతుంది. 1612లో గెలీలియోను కలవరపెట్టిన సంఘటనే 2025 మార్చి 23న మరల జరిగినది.

చిక్కు విడిపోయినా మాట మాత్రము పోలేదు. వలయములో గోళమునకు ఇరుప్రక్కల దూరముగా కనిపించే కొసలను ఖగోళ శాస్త్రజ్ఞులు నేటికీ 'అన్సే' అనే అంటారు. ఆ కొసల వద్ద ఒక సౌకర్యము ఉన్నది. వలయము తిరుగుతూ ఉంటే ఒక కొసలోని పదార్థము మన వైపు వస్తూ ఉంటుంది; రెండవ కొసలోనిది మన నుండి పోతూ ఉంటుంది. 1895లో అమెరికాలో కీలర్ అనే శాస్త్రజ్ఞుడు ఆ కొసల వెలుగును వర్ణపటదర్శినితో పరీక్షించి, వలయపు లోపలి అంచు వెలుపలి అంచు కంటె వేగముగా తిరుగుతున్నదని కనుగొన్నాడు. గట్టి చక్రమైతే వెలుపలి అంచే వేగముగా తిరగాలి. కనుక వలయము ఒకే ముక్క కాదు, విడివిడిగా తిరిగే అసంఖ్యాకమైన తునకల సమూహము అని ఋజువైనది. మాక్స్‌వెల్ 1859లో గణితము ద్వారా చెప్పినది ఇదే.

శరీరములో చెవులు, పిడులు

శరీర శాస్త్రజ్ఞులు ఈ రెండు లాటిన్ మాటలను ఎంత జాగ్రత్తగా వేరుచేసి వాడినారో చూడండి. మెడలోని నరములు కొన్ని కలిసి ఉచ్చు వలె ఒక వంపు ఏర్పడుతుంది. మ్రింగినప్పుడు, మాట్లాడినప్పుడు గొంతు ముందరి కండరములను క్రిందికి లాగించే నరములు అక్కడి నుండి బయలుదేరుతాయి. దాని పేరు 'అన్సా సెర్వికాలిస్', అనగా మెడ చెవి. మూత్రపిండములోని వృక్కనాళములో ఒక భాగము క్రిందికి దిగి, 'యు' ఆకారములో మలుపు తిరిగి, మరల పైకి వస్తుంది. 1862లో దీనిని వర్ణించిన హెన్లీ పేరుతో ప్రసిద్ధి పొందినది. లాటిన్‌లో ఇది 'అన్సా నెఫ్రోనీ'.

దీనికి మన తెలుగు పాఠ్యపుస్తకములలో 'హెన్లీ శిక్యము' అని పేరు. శిక్యము అనగా ఉట్టి. కావడి బద్దకు వ్రేలాడే ఉచ్చు కూడా శిక్యమే. ఈ అనువాదము మెచ్చదగినది. లాటిన్‌వారు కూజా చెవిని చూచి పేరు పెట్టితే, మనవారు కావడి ఉచ్చును చూచి పేరు పెట్టినారు. రెండింటిలోను వస్తువు వేరు, కాని ఆకారము ఒకటే: దిగి, మలుపు తిరిగి, పైకి వచ్చేది. 'హెన్లీ పిడి' అని ఉంటే విద్యార్థి మనస్సులో కత్తి పిడి మెదిలేది, బొమ్మ తలక్రిందులయ్యేది.

ఇక 'మనూబ్రియం' ఎక్కడ వాడినారు? రొమ్ము ఎముకను పూర్వులు ఒక పొట్టి ఖడ్గముతో పోల్చినారు. పైనున్న వెడల్పైన భాగము ఖడ్గపు పిడి, అదే 'మనూబ్రియం'. నడిమి భాగము అలుగు. చివరి మొనకు కూడా ఖడ్గము అనే అర్థము గల గ్రీకు మాట నుండియే పేరు వచ్చినది. మధ్య చెవిలోని మూడు చిన్న ఎముకలు సుత్తి, దాగలి, అంకవన్నె. సుత్తి ఎముక పిడిని కూడా 'మనూబ్రియం' అనే అంటారు. అది కర్ణభేరికి అతుక్కొని ఉంటుంది. భేరి కదలినప్పుడు ఆ పిడి తులాదండము వలె పనిచేసి, బలమును సుమారు 1.3 రెట్లు పెంచి లోపలికి అందిస్తుంది. ఇది గొడ్డలి కామ పని. గంగాళపు చెవి పని కాదు. సముద్రములోని జెల్లీ చేప గొడుగు వంటి శరీరము నడుమ నుండి క్రిందికి వ్రేలాడే గొట్టము కూడా మనూబ్రియమే. గొడుగు కర్ర అనుకోండి. దాని కొసన నోరు ఉంటుంది.

వంపు తిరిగి సందు విడిచేది అన్సా. నేరుగా సాగి పట్టునిచ్చేది మనూబ్రియం. ఈ ఒక్క సూత్రము గుర్తుంటే ఇన్ని పేర్లు విడివిడిగా కంఠస్థము చేయనక్కరలేదు.

తెలుగులో ఎలా చెప్పాలి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. 'అన్సాటస్'ను తెలుగులో ఏమనాలి? పాత్రలను గురించి అయితే 'చెవి గల' లేక 'చెవుల' అనటము సరియైనది. ఉచ్చు వంటి నరములను, నాళములను గురించి అయితే 'శిక్యము' అనే మాట ఇప్పటికే స్థిరపడినది. 'మనూబ్రియం'కు చిన్నదైతే 'పిడి', పొడవైనదైతే 'కామ' చక్కగా సరిపోతాయి. అన్నిటికీ 'పిడి' అని ఒకే మాట వాడితే లాటిన్‌లో ఉన్న భేదము పోవటమే గాక, తెలుగులో ఉన్న భేదము కూడా పోతుంది.

ఈ నష్టము ఇప్పటికే మొదలైనది. గరిటె కాడ, బాణలి చెవి, పార కామ, తలుపు గడియ పిడి, బక్కెట్టు వంపు కమ్మి, అన్నిటినీ నేటి పిల్లలు 'హ్యాండిల్' అంటున్నారు. ఇంగ్లీషు మాట వాడటము నేరము కాదు. కాని అయిదు మాటలు తెలిసిన విద్యార్థి అయిదు ఆకారములను చూడగలడు. ఒక్క మాట తెలిసిన విద్యార్థికి అవన్నీ ఒకటిగానే కనిపిస్తాయి. విజ్ఞానశాస్త్రమునకు మొదటి మెట్టు వేరుచేసి చూడటము. శాస్త్రము నేర్పేవారికి పల్లెటూరి మాటలు అడ్డము కావు. అవి సిద్ధముగా ఉన్న పరికరములు.

ఉపాధ్యాయులు ఒక చిన్న పని చేయించవచ్చును. విద్యార్థులను తమ ఊరిలో ఒక కమ్మరి కొలిమికి, ఒక రైతు ఇంటికి, ఒక వంటింటికి పంపి, చేత పట్టే వస్తువుల పట్టిక వ్రాయించండి. ప్రతి వస్తువుకు నాలుగు గడులు: పట్టే భాగమునకు ఆ ఇంటివారు చెప్పిన పేరు, అది నేరుగా ఉన్నదా, వంపు తిరిగి ఉన్నదా, దేనితో చేసినది, చేయి దానిని ఎలా పట్టుకొంటుంది. అసలు పిడి లేని వస్తువులను కూడా వ్రాయించండి. జనగామ పిల్లలు పెంబర్తి పాత్రలను, మహబూబాబాదు పిల్లలు పొలము పనిముట్లను, భూపాలపల్లి పిల్లలు గని పనివారి సామానును చూడవచ్చును. పట్టికలు తరగతికి వచ్చిన తరువాత నల్లబల్ల మీద రెండు గీతలు గీసి, ఒక ప్రక్క 'అన్సా' అని, ఒక ప్రక్క 'మనూబ్రియం' అని వ్రాసి, ఒక్కొక్క వస్తువును దాని చోటున చేర్పించండి. ఏ గీత క్రిందికీ రాని వస్తువు ఒకటైనా తప్పక తేలుతుంది. దానికి ఏ పేరు తగునో చర్చించటముతో పాఠము ముగించవచ్చును.